ఫీల్డ్ గోల్: అక్కడ మూడు, ఇక్కడ రెండు

అమెరికాలో చలికాలం వచ్చిందంటే మన ఇళ్ళల్లో టీవీ రెండు ఆటల మధ్య ఊగిసలాడుతూ ఉంటుంది. ఆదివారం ఫుట్‌బాల్, వారం మధ్యలో బాస్కెట్‌బాల్. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. క్రికెట్ మీద పెరిగి, ముప్ఫయ్యో యేట ఈ ఆటలు నేర్చుకోవడం మొదలుపెట్టిన అమ్మానాన్నలకే చిక్కంతా. క్రికెట్‌లో రన్ను అంటే రన్నే. టెస్టు మ్యాచ్‌లో అయినా, ట్వంటీ ట్వంటీలో అయినా దాని విలువ మారదు. ఇక్కడ "ఫీల్డ్ గోల్" అనే ఒకే మాట రెండు ఆటల్లోనూ వినబడుతుంది, కానీ లెక్క రెండు చోట్లా వేరు. ఫుట్‌బాల్ చూసి ఫీల్డ్ గోల్ అంటే మూడు పాయింట్లు అని కంఠతా పట్టిన ఓ తండ్రి, శనివారం పొద్దున కూతురి బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక స్కోరు కాగితం మీద ఎఫ్.జి. కింద నాలుగు అని చూసి "నాలుగు మూళ్ళు పన్నెండు" అని మురిసిపోతాడు. కూతురేమో "కాదు నాన్నా, తొమ్మిదే" అంటుంది.

కూతురి లెక్కే సరి. ఎందుకు సరో చెప్పుకోవాలంటే ముందు ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. (ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాలే. మనం చిన్నప్పుడు ఆడిన ఫుట్‌బాల్‌ని ఇక్కడి అలవాటు ప్రకారం సాకర్ అనే అందాం.)

అసలు వింత ఏమిటంటే, బాస్కెట్‌బాల్‌కి ఫీల్డే లేదు. చెక్క నేల వేసిన కోర్టు మీద, నాలుగు గోడల మధ్య ఆడతారు. అలాంటి ఆటలో "ఫీల్డ్" అన్న మాట ఎందుకు వచ్చి కూర్చుంది? ఇది మైదానం గురించిన మాట కాదు గనక. పాయింట్ల సంఖ్య గురించిన మాట అంతకన్నా కాదు. నడుస్తున్న ఆటలో కొట్టిన గోలుని, ఆట ఆపి ప్రత్యేకంగా ఇచ్చిన అవకాశంతో కొట్టిన గోలునుంచి విడదీసి చెప్పడానికి పుట్టిన మాట ఇది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

ఫుట్‌బాల్ సంగతి ముందు చూద్దాం. 19వ శతాబ్దం చివరి భాగంలో అమెరికా కాలేజీల్లో ఆడిన ఫుట్‌బాల్ రగ్బీ కడుపున పుట్టిన ఆట. రగ్బీలో బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకిస్తే దాన్ని "ట్రై" అంటారు కదా, ఆ పేరులోనే దాని పూర్వ చరిత్ర ఉంది. తొలిరోజుల్లో అలా నేలకి తాకించడమే గొప్ప కాదు. అలా తాకిస్తే, కర్రల మధ్యనుంచి బంతిని తన్ని గోలు కొట్టడానికి "ప్రయత్నించే" హక్కు వచ్చేది. అసలు విలువంతా గోలుది. టచ్‌డౌన్ కూడా అటువంటిదే. ఇప్పుడు ఆటగాడు బంతిని నేలకి తాకించనక్కరలేదు, గీత మీదకి చేరిస్తే చాలు. పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

కాబట్టి అప్పట్లో గోళ్ళు రెండు రకాలు. టచ్‌డౌన్ చేసి, దాని బహుమానంగా దొరికిన తన్నుతో కొట్టినది ఒకటి, దాన్ని టచ్‌డౌన్ గోలు అనేవారు. టచ్‌డౌన్‌తో పని లేకుండా, ఆట నడుస్తుండగానే మైదానంలో ఉన్నచోటినుంచి కొట్టినది రెండోది, అది ఫీల్డ్ గోలు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కాంప్ చొరవతో 1883లో మొదటిసారి ఈ ఆటకి అంకెల స్కోరు పెట్టినప్పుడు ఫీల్డ్ గోలుకి 5, టచ్‌డౌన్ తర్వాతి గోలుకి 4, టచ్‌డౌన్‌కి 2, సేఫ్టీకి 1 ఇచ్చారు. మరోసారి చదవండి. ఇవాళ ఆటకి ప్రాణమైన టచ్‌డౌన్‌కి ఆనాడు రెండే పాయింట్లు. అన్నిటికన్నా పెద్దపీట ఫీల్డ్ గోలుదే!

ఆ తర్వాత కథ రూపాయి విలువ కథలాగే నడిచింది. మరుసటి ఏడాదికే టచ్‌డౌన్ 4 అయింది. ఫీల్డ్ గోలు 1904లో 4కి, 1909లో 3కి పడిపోయింది. 1912లో టచ్‌డౌన్ 6 అయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ అంకెలు కదల్లేదు. బంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆట బలపడినకొద్దీ కాలితో తన్నేవాడి విలువ తగ్గుతూ వచ్చిందన్నమాట. పేరులో "ఫుట్" ఉన్న ఆటలో కాలికి పట్టిన గతి ఇది.

ఇప్పటి నిబంధన చూద్దాం. దాడి చేస్తున్న జట్టుకి నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్ళే అవకాశం ఉంటుంది. మూడు అయిపోయి పని జరగకపోతే, నాలుగో దాంట్లో చాలాసార్లు కిక్కర్‌ని పంపిస్తారు. మధ్యలో ఒకతను బంతిని కాళ్ళ సందునుంచి వెనక్కి విసురుతాడు, ఏడు గజాల వెనక ఒకతను మోకాలి మీద కూర్చుని దాన్ని అందుకుని నేలమీద నిలబెడతాడు, కిక్కర్ తంతాడు. ఇదంతా ఒకటిన్నర సెకను లోపలే అయిపోవాలి, లేకపోతే అవతలివాళ్ళు వచ్చి మీద పడతారు. బంతి నేలకి పది అడుగుల ఎత్తులో ఉన్న అడ్డకర్ర పైనుంచి, రెండు నిలువు కర్రల మధ్యనుంచి వెళ్ళాలి. ఎన్.ఎఫ్.ఎల్.లోనూ కాలేజీల్లోనూ ఆ కర్రల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు. కర్రకి తగిలి లోపలికి పోయినా చెల్లుతుంది.

టీవీలో "52 గజాల ఫీల్డ్ గోల్" అంటాడు, తెరమీద చూస్తే బంతి 35 గజాల గీత దగ్గర ఉంటుంది. ఈ తేడా కొత్తవాళ్ళని తికమక పెడుతుంది. గోల్ పోస్టులు ఎండ్ జోన్‌కి చివర ఉంటాయి గనక ఆ పది గజాలు, బంతి నిలబెట్టేచోటు వెనక ఉంటుంది గనక ఇంకో ఏడు, మొత్తం 17 కలపాలి. ఎన్.ఎఫ్.ఎల్.లో 1933నుంచి 1973దాకా పోస్టులు గోల్ గీత మీదే ఉండేవి. ఫీల్డ్ గోళ్ళు మరీ ఎక్కువైపోయి ఆట చప్పబడుతోందని 1974లో వాటిని పది గజాలు వెనక్కి జరిపారు.

ఇక్కడ మన అసలు సూత్రాన్ని పరీక్షించి చూసుకోవచ్చు. టచ్‌డౌన్ అయ్యాక కిక్కరే వచ్చి, అవే కర్రల మధ్యకి, అదే బంతిని తంతాడు. 2015నుంచి ఎన్.ఎఫ్.ఎల్.లో ఆ తన్ను దూరం 33 గజాలు. దానికి ఒక్కటే పాయింటు. పది నిమిషాలు పోయాక అతనే అదే 33 గజాలనుంచి ఫీల్డ్ గోలు కొడితే మూడు. ఒకే మనిషి, ఒకే దూరం, ఒకే పని, మరి విలువలో ఇంత తేడా ఎందుకు? మొదటిది టచ్‌డౌన్‌తోపాటు ఉచితంగా వచ్చిన అవకాశం. రెండోది ఆటలో ఉన్న బంతితో కొట్టినది. తప్పితే పోయేది కూడా అందులోనే ఎక్కువ.

ఆ పోయేదాని లెక్క చూడండి. ఎన్.ఎఫ్.ఎల్.లో ఫీల్డ్ గోలు గురి తప్పితే, తన్నినచోటినుంచే అవతలి జట్టు ఆట మొదలుపెడుతుంది. 52 గజాల తన్ను తప్పిందంటే అవతలివాళ్ళకి తమ 42 గజాల గీత దగ్గర బంతి దొరుకుతుంది, అంటే దాదాపు సగం మైదానం ఉచితం. బంతి కర్రలదాకా చేరక పొట్టిగా పడితే, అవతలివాడు పట్టుకుని పరుగెత్తనూవచ్చు. 2013 నవంబరు 30న ఆబర్న్, అలబామా కాలేజీల ఆటలో ఇదే జరిగింది. స్కోరు 28-28, మిగిలింది ఒక్క సెకను. అలబామావాళ్ళు 57 గజాలనుంచి ప్రయత్నించారు. బంతి పొట్టిగా పడింది. ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ ఎండ్ జోన్ లోపలే దాన్ని పట్టుకుని మైదానం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పరుగెత్తాడు. 34-28తో ఆబర్న్ గెలిచింది. మూడు పాయింట్లకి ఆశపడితే ఆరు పోయాయి.

కోచ్ ముఖంలో కనిపించే బెంగ అంతా దీనిగురించే. చేతిలో దాదాపుగా ఖాయమైన మూడు పాయింట్లు ఉంచుకోవాలా, టచ్‌డౌన్ కోసం ఇంకో ప్రయత్నం చేయాలా? నాలుగు పాయింట్లు వెనకబడి ఉండి గడియారంలో నిమిషం మిగిలితే ఫీల్డ్ గోలు వల్ల ప్రయోజనం లేదు. మూడే వెనకబడి ఉంటే అది సమం చేస్తుంది. రెండే వెనకబడి ఉంటే గెలిపిస్తుంది. సూపర్ బౌల్ రోజున పదిమంది కూర్చున్న గదిలో ఉన్నట్టుండి అందరూ గొంతు తగ్గించి తెరకేసి చూస్తున్నారంటే, స్కోరులో ఈ తేడా ఎంత ఉందో ముందు చూసుకోండి, సంగతి అర్థమైపోతుంది.

1991 జనవరి 27న టాంపాలో జరిగిన సూపర్ బౌల్‌లో బఫెలో బిల్స్ 19, న్యూయార్క్ జయంట్స్ 20. ఎనిమిది సెకన్లు ఉండగా స్కాట్ నార్‌వుడ్ 47 గజాలనుంచి తన్నాడు. దూరం సరిపోయింది, ఎత్తు సరిపోయింది, బంతి కుడి కర్రకి పక్కగా వెళ్ళిపోయింది. బఫెలో ఊళ్ళో ఇప్పటికీ "వైడ్ రైట్" అంటే ఏ ఆట గురించో విడమరిచి చెప్పనక్కరలేదు. పదకొండేళ్ళ తర్వాత, 2002 ఫిబ్రవరి 3న, ఆడం వినటియేరి 48 గజాలనుంచి తన్నిన బంతి సమయం ముగిసే క్షణాన కర్రల మధ్యనుంచి దూసుకుపోయి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ని 20-17తో గెలిపించింది. రెండు తన్నులకీ మధ్య తేడా ఒక్క గజం. ఆట ఆసాంతం పక్కన కూర్చుని, మొత్తం మీద పది సెకన్లు ఆడే మనిషి మీద ఊరంతటి సంతోషమో దుఃఖమో ఆధారపడి ఉంటుంది. ఈ ఉద్యోగం మాత్రం ఎవరికీ వద్దనిపిస్తుంది.

దూరాల సంగతి వచ్చింది కనక ఒక మాట. 1970 నవంబరు 8న న్యూ ఆర్లియన్స్ ఆటగాడు టామ్ డెంప్సీ 63 గజాలనుంచి కొట్టాడు. పుట్టుకతోనే అతని కుడి పాదానికి వేళ్ళు లేవు, ఆ పాదంతోనే తన్నాడు. ఆ రికార్డుని సమం చేసినవాళ్ళు ఉన్నారు గానీ, దాటడానికి 43 ఏళ్ళు పట్టింది. 2013లో మాట్ ప్రేటర్ 64 కొట్టాడు. 2021లో జస్టిన్ టక్కర్ 66 గజాలనుంచి తన్నితే బంతి అడ్డకర్ర మీద పడి, పైకి ఎగిరి, అవతలికి దూకింది. 2025 నవంబరులో జాక్సన్‌విల్ జట్టు కిక్కర్ కామ్ లిటిల్ దాన్ని 68కి చేర్చాడు. 1970ల్లో ఎన్.ఎఫ్.ఎల్. కిక్కర్లు నూటికి అరవై చుట్టుపక్కల సఫలమయ్యేవారు, ఇప్పుడు ఎనభై దాటారు.

ఇంత మార్పుకి ఒక ముఖ్య కారణం మనలాగే బయటినుంచి వచ్చినవాడు. పీట్ గోగొలాక్ హంగరీలో పుట్టినవాడు. 1956 తిరుగుబాటు తర్వాత అతని కుటుంబం అమెరికా చేరింది. అప్పటిదాకా ఇక్కడి కిక్కర్లు ఎదురుగా వచ్చి బొటనవేలి వైపుతో తన్నేవారు. గోగొలాక్‌కి సాకర్ అలవాటు, పక్కగా వచ్చి పాదం పైభాగంతో తన్నాడు. 1964లో బఫెలో బిల్స్‌లో చేరినప్పుడు జనం వింతగా చూశారు. ఇవాళ ఎన్.ఎఫ్.ఎల్.లో ప్రతి కిక్కరూ అలాగే తంతాడు. బొటనవేలి పద్ధతి అంతరించిపోయింది.

సరే, ఇక బాస్కెట్‌బాల్‌కి వద్దాం. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట కనిపెట్టాడు. చలికి బయటికి వెళ్ళలేని కుర్రాళ్ళ కోసం జిమ్ గోడకి ఉన్న బాల్కనీ అంచుకి పీచ్ పళ్ళ బుట్టలు రెండు కొట్టించాడు. ఆ అంచు పది అడుగుల ఎత్తులో ఉంది, ఇప్పటికీ ఆ ఎత్తే ఉండిపోయింది. తొలి ఆట మొత్తం మీద పడ్డది ఒక్కటే గోలు. అప్పట్లో దాన్ని గోలు అనే అన్నారు, వేరే విశేషణం అవసరం లేకపోయింది. కొన్నేళ్ళకి ఫౌల్ చేసినందుకు శిక్షగా అవతలి జట్టుకి ఎవరూ అడ్డు లేకుండా బుట్టలోకి వేసే అవకాశం ఇవ్వడం మొదలైంది, అదే ఫ్రీ త్రో. ఇప్పుడు గోళ్ళు రెండు రకాలయ్యాయి. ఫౌల్ వల్ల వచ్చినది ఒకటి, నడుస్తున్న ఆటలో వచ్చినది ఇంకొకటి. ఫుట్‌బాల్‌లో అప్పటికే నలిగిన మాట సిద్ధంగా ఉంది. దాన్నే ఇక్కడా వాడారు. 1890ల మధ్యకి వచ్చేసరికి ఫీల్డ్ గోలుకి రెండు, ఫ్రీ త్రోకి ఒకటి అని విలువలు కుదిరాయి.

దాదాపు ఎనభై ఏళ్ళపాటు ఆ లెక్క సాఫీగానే నడిచింది. 1979-80 సీజన్‌లో ఎన్.బి.ఎ. మూడు పాయింట్ల గీత తెచ్చింది. అంతకుముందే వేరే లీగులు దాన్ని ప్రయత్నించి చూశాయి. ఎన్.బి.ఎ.లో తొలి మూడు పాయింట్ల బుట్ట 1979 అక్టోబరు 12న బాస్టన్ సెల్టిక్స్‌కి చెందిన క్రిస్ ఫోర్డ్ పేరున ఉంది. తండ్రీకూతుళ్ళ తికమకకి కారణం ఈ గీతే. గీత బయటినుంచి వేసిన బుట్ట కూడా ఫీల్డ్ గోలే. దానికి వేరే పేరు ఉన్నా, వేరే గడి ఉన్నా, ఫీల్డ్ గోళ్ళ గడిలో అది ముందే కలిసి ఉంటుంది.

ఇప్పుడు కూతురి కాగితం తిరిగి చూద్దాం. ఎఫ్.జి. 4-9 అంటే తొమ్మిది ప్రయత్నాల్లో నాలుగు పడ్డాయి. పక్కన మూడు పాయింట్లవి 1-3 అని ఉంది. అంటే ఆ నాలుగింటిలో ఒకటి గీత బయటినుంచి వేసినది, అయిదోది కాదు. ఫ్రీ త్రోలు లేవు. నాలుగు రెళ్ళు ఎనిమిది, గీత బయటి దానికి అదనంగా ఒకటి, మొత్తం తొమ్మిది. సూత్రం ఇంతే: ఫీల్డ్ గోళ్ళని రెట్టింపు చేయండి, మూడు పాయింట్లవాటికి తలా ఒకటి కలపండి, ఫ్రీ త్రోలు కలపండి.

నమ్మకం కుదరకపోతే పెద్దవాళ్ళ మీద పరీక్షించండి. 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ టొరాంటో మీద 81 పాయింట్లు చేశాడు. ఆరోజు అతని ఫీల్డ్ గోళ్ళు 28, వాటిలో మూడు పాయింట్లవి 7, ఫ్రీ త్రోలు 18. యాభై ఆరు, ఏడు, పద్దెనిమిది, సరిగ్గా 81. విల్ట్ చాంబర్లిన్ 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హర్షీలో చేసిన 100 పాయింట్లకి లెక్క ఇంకా తేలిక. ఆనాడు ఎన్.బి.ఎ.లో గీత లేదు. 36 ఫీల్డ్ గోళ్ళకి 72, ఫ్రీ త్రోలు 28.

ఇంకొక్క అంకె దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే పిల్లల్ని మనం అన్యాయంగా కోప్పడేది ఇక్కడే. అది ఫీల్డ్ గోల్ శాతం. పది ప్రయత్నాల్లో అయిదు రెండు పాయింట్ల బుట్టలు వేసిన పిల్లవాడికి 50 శాతం, పాయింట్లు పది. పదింటిలో నాలుగు వేసి, నాలుగూ గీత బయటినుంచే వేసిన పిల్లవాడికి 40 శాతమే, పాయింట్లు పన్నెండు! శాతాలు చూసి మార్కుల కాగితంలా పోల్చే తండ్రికి మొదటివాడే గొప్పగా కనిపిస్తాడు. ఈ లోపం సవరించడానికే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అని ఇంకో లెక్క వచ్చింది. అందులో మూడు పాయింట్ల బుట్టని ఒకటి కాకుండా ఒకటిన్నరగా లెక్కిస్తారు. అలా చూస్తే రెండోవాడికి 60 శాతం. ఎన్.బి.ఎ. జట్లు గత పదిహేనేళ్ళుగా గీత బయటినుంచి ఎడాపెడా విసరడం వెనక ఉన్నది ఈ చిన్న గుణకారమే.

ఇంకో మెలిక కూడా ఉంది. బుట్టలోకి వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే, అది ప్రయత్నంగా లెక్కకి రాదు. పడితే మాత్రం ప్రయత్నమూ వస్తుంది, ఫీల్డ్ గోలూ వస్తుంది. అందుకే ఆట కళ్ళారా చూసి మీరు వేళ్ళమీద లెక్కపెట్టిన ప్రయత్నాలకీ కాగితం మీది అంకెకీ ఒక్కోసారి పొంతన కుదరదు. ఫుట్‌బాల్‌లో అయితే, అవతలివాడు ఎగిరి అడ్డుకున్నా కిక్కర్ ఖాతాలో అది తప్పిన ప్రయత్నమే.

నిజానికి ఈ మాట మనలో చాలామందికి అమెరికా రాకముందే పరిచయం. హాకీ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్కోరు కాగితంలో ప్రతి గోలు పక్కనా ఎఫ్.జి., పి.సి., పి.ఎస్. అని మూడు రకాలు రాస్తారు. పెనాల్టీ కార్నర్‌తో వచ్చినది పి.సి., పెనాల్టీ స్ట్రోక్‌తో వచ్చినది పి.ఎస్., ఈ రెండూ కాక ఆట నడుస్తుండగా వచ్చినది ఫీల్డ్ గోలు. మన హైదరాబాదునుంచి మూడు ఒలింపిక్స్‌లో ఆడిన ముకేశ్ కుమార్‌లాంటి ఫార్వర్డ్‌ల పని అదే. అక్కడా అదే తర్కం, విలువ మాత్రం అన్నిటికీ ఒకటే.

దీన్ని తెలుగులో ఏమనాలి అని ఒక మిత్రుడు అడిగాడు. "క్షేత్ర లక్ష్యం" అంటే ఏదో వ్యవసాయ శాఖ పథకంలా ఉంటుంది. "మైదానపు గోలు" మాటకి మాట సరిపోతుంది గానీ, చెక్క కోర్టు దగ్గర మళ్ళీ చిక్కే. నా మటుకు నాకు "ఆటలో గోలు" బాగుంటుంది. పిల్లల దగ్గర మాత్రం ఫీల్డ్ గోల్ అనే అనండి, లేకపోతే వాళ్ళకి ఇంకో వ్యాసం రాయాల్సి వస్తుంది.

హైస్కూలు ఆటలకి వెళ్ళేవాళ్ళకి కొలతలు కొంచెం వేరని చెప్పాలి. అక్కడ ఫుట్‌బాల్ పోస్టుల మధ్య దూరం 23 అడుగుల 4 అంగుళాలు, అంటే పెద్దవాళ్ళకన్నా దాదాపు అయిదు అడుగులు ఎక్కువ. కిక్కర్ బంతి కింద చిన్న టీ పెట్టుకోవచ్చు కూడా. బాస్కెట్‌బాల్ గీత 19 అడుగుల 9 అంగుళాల దగ్గరే ఉంటుంది, ఎన్.బి.ఎ.లో నడినెత్తిన అది 23 అడుగుల 9 అంగుళాలు. పాయింట్లు మాత్రం ఎన్.ఎఫ్.ఎల్., ఎన్.బి.ఎ.లలో ఎన్నో హైస్కూల్లోనూ అన్నే.